గొంతు మీద గంధం

నా గొంతు పెద్దది. గొప్పగా చెప్పుకోవలసిన సంగతి కాదు గానీ, దాచుకోవడానికీ వీల్లేదు. అమెరికాలో, మిషిగన్‌లోని నోవైలో, మా వంటింట్లో నిలబడి నేను మామూలుగా మాట్లాడితే, గరాజ్‌లో ఉన్న మా ఆయనకి తలుపు మూసి ఉన్నా వినిపిస్తుంది. "ఇండియాకి ఫోనెందుకు దండగ, కిటికీ తీసి మాట్లాడు, తెనాల్లో పలుకుతారు" అన్నది ఆయన పాతికేళ్ళ నాటి జోకు. ఇప్పటికీ కొత్తగా చెబుతున్నట్టే చెబుతారు. నేను కార్ల డాష్‌బోర్డుల్లో ఉండే సాఫ్ట్‌వేర్‌ని టెస్ట్ చేస్తాను. తప్పెక్కడుందో వెతకడం, దొరికాక గట్టిగా చెప్పడం నా పని. ఆ రెండోదాంట్లో మా ఆఫీసులో నన్ను మించినవాళ్ళు లేరు.

ఈ గొంతుని మెచ్చుకున్న మనిషి లోకంలో ఒక్కరే, మా అత్తయ్య.

గ్రీన్‌కార్డ్ వచ్చాక ఆవిడ ఆరేళ్ళుగా మా దగ్గరే ఉంటోంది. వచ్చిన కొన్నాళ్ళకే వినికిడి తగ్గడం మొదలైంది. ముందు ఫోను మోగడం వినపడలేదు, ఆ తర్వాత కుక్కర్ కూత, చివరికి మనుషులు. డాక్టర్‌కి చూపించి చెవి మిషన్లు చేయించాం. నాలుగు రోజులు పెట్టుకుంది. ఐదో రోజు తీసి డబ్బాలో పెట్టి, దేవుడి అరలో విభూతి పొట్లం వెనక దాచేసింది. "కుళాయి తిప్పితే కాలవ తెగినట్టుందే అమ్మాయ్. కాయితం కదిలితే కప్పు కూలినట్టుంది. నా తలకాయలో సంత పెట్టినట్టుంది" అంది. అలవాటు కావాలంటే రోజూ కాసేపు పెట్టుకుని నెలరోజులు ఓపిక పట్టాలని డాక్టర్ చెప్పింది. ఆవిడ ఆ ఓపిక పట్టలేదు. "నీ గొంతుండగా నాకవెందుకే?" అంది.

అలా నేను ఇంటికి మైకునయ్యాను. మా ఆయన ఏదైనా అంటే అదే మాట నేను మళ్ళీ అంటాను. టీనేజ్‌లో ఉన్న మా అమ్మాయి వచ్చీరాని తెలుగులో గొణిగితే దాన్ని సరిచేసి మరీ అంటాను. తెనాలి నుంచి ఆవిడ చెల్లెలు స్పీకర్‌లో మాట్లాడుతుంటే పక్కన నిలబడి ఒక్కో మాటా అందిస్తాను. నా మీద చాడీలుంటే అవి మాత్రం నావైపు నుంచి కాస్త మెరుగుపరిచి అందిస్తాను. ఇంటికి ఎవరొచ్చినా ఆవిడ ముందు చెప్పే మాట ఒకటే. "చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం లాభం అంటారు గానీ, మా కోడలు ఊదితే వినపడుతుంది."

అయితే అరిచి చెప్పగలిగే మాటలు కొన్నే ఉంటాయని నాకు ఈ ఆరేళ్ళలోనే తెలిసింది. అన్నానికి రండి, మాత్ర వేసుకున్నారా, మంచు పడుతోంది బయటికి వెళ్ళకండి, ఇలాంటివన్నీ అరవచ్చు. ఇవాళ మనసు బాగాలేదు అన్నది అరిచి చూడండి, మీకే నవ్వొస్తుంది. అందుకని మా ఇద్దరి మధ్యా పనుల మాటలు ఎక్కువ, మిగతావి తక్కువ.

మొన్న శరత్కాలంలో, మామూలు చెకప్‌లో, డాక్టర్ నా మెడ తడిమి ఆగింది. థైరాయిడ్‌లో గడ్డ. సూదితో తీసి పరీక్ష చేస్తే మంచిదో చెడ్డదో తేలలేదు. తీసేసి చూడటమే మేలన్నారు. సర్జన్ పెద్దాయన, తొందర లేని మనిషి. కాగితం మీద సీతాకోకచిలుకలా ఒక బొమ్మ గీసి, దాని వెనక రెండు సన్నని గీతలు గీశాడు. గొంతు పలికించే నరాలు అవేనట. వాటిని కదపకుండా తీయడానికే చూస్తామన్నాడు. అయినా చాలామందికి కొన్ని వారాలు గొంతు బొంగురుగా ఉంటుందనీ, కొద్దిమందికి మాత్రం పాత గొంతు తిరిగి రాదనీ చెప్పాడు. "మీరు గొంతుతో పనిచేసే మనిషా? పాటలు పాడతారా, పాఠాలు చెబుతారా?" అని అడిగాడు.

"లేదు, మా అత్తగారితో మాట్లాడతాను" అన్నాను. ఆయన నవ్వాడు, నేను నవ్వలేదు.

కారెక్కాక ఏడ్చాను. గడ్డ మంచిదో చెడ్డదో అన్న పెద్ద భయం ఎదురుగా ఉండగా, నేను ఏడ్చింది గొంతు గురించే. మా ఆయన కారు స్టార్ట్ చేయకుండా అలాగే కూర్చుని, "నీ గొంతు పోతే నేను జోకులు ఎవరి మీద వేసుకోను?" అన్నారు. ఓదార్పు కళలో ఆయనది అంతంతమాత్రం చదువు. అయినా చెయ్యి మాత్రం వదల్లేదు.

అత్తయ్యకి చెప్పడం ఇంకో ఘట్టం. ఇలాంటివి పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, మెల్లగా చెప్పాలి. నేను వంటింట్లో గరిటె పట్టుకుని, "నా గొంతుకి ఆపరేషన్ అత్తయ్యా!" అని కేక పెట్టాను. పక్కింటి కుక్క మొరిగింది. ఆవిడ పోపు గిన్నె దించి నా మెడ వైపు చూసింది. "నొప్పిగా ఉందా?" అంది. "లేదు!" అన్నాను. "ఎందుకైనా మంచిది, తీయించుకో" అని మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది. గొంతు పోవచ్చన్న సంగతి మాత్రం చెప్పలేదు. అది అరిచే మాట కాదు.

టెస్టింగ్ మనిషిని కనక ఆపరేషన్‌కి కూడా ఎక్సెల్ షీట్ తయారు చేశాను. ఆఫీసుకి పెట్టాల్సిన సెలవు, అమ్మాయిని ఆర్కెస్ట్రా ప్రాక్టీస్‌కి ఎవరు డ్రైవ్ చేయాలి, ఫ్రీజర్‌లో ఏ డబ్బా ఏ రోజుది, అన్నీ వరసగా. మా కమ్యూనిటీ వాట్సాప్ గ్రూప్‌లో వంటలకి పేర్లు రాయమంటే ఆరుగురు సాంబారే రాశారు. గొంతు కోయించుకున్న మనిషికి ఇడ్లీ చాలని నేనే దిద్దాను. షీట్ చివరి వరసలో "అత్తయ్యకి ఎవరు చెబుతారు?" అని రాసి, ఎదుటి గడి ఖాళీగా వదిలేశాను. ఎన్నిసార్లు తెరిచినా అదొక్కటే ఖాళీ.

చివరికి ఒక వైట్‌బోర్డూ లావుపాటి మార్కరూ కొన్నాను. రాసి చూపించవచ్చు కదా అని. అత్తయ్య పత్రిక చదువుతుంది, నా చేతిరాత కూడా బాగానే ఉంటుంది. బోర్డు మీద "కాఫీ తాగారా?" అని రాసి చూపించాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చదివింది. "బళ్ళో వేసే వయసుటే నాది?" అని బోర్డుని గోడవైపు తిప్పి పెట్టింది. బోర్డు ఎందుకు తెచ్చావని మాత్రం అడగలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

డిసెంబర్ వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దమైపోయింది. రోజూ మధ్యాహ్నం సీరియళ్ళతో అదిరిపోయే టీవీ ఉన్నట్టుండి తగ్గింది. నా ఆపరేషన్ దిగులుతో ఆవిడకి సీరియళ్ళ మీద కూడా మనసు పోవడం లేదనుకున్నాను. స్కూల్ నుంచి రాగానే అమ్మాయి నానమ్మ గదిలోకి దూరి తలుపేసుకునేది. ఒకసారి తలుపు తోస్తే, "అమ్మా, నానమ్మ నేను ఒక థింగ్ చేస్తున్నాం. ప్లీజ్, డోర్ క్లోజ్ చెయ్యి" అంది. అత్తయ్య మంచం మీద ఉన్ని మఫ్లర్ తలకి చుట్టుకుని కూర్చుని ఉంది. చలికాలం మొదలైతే ఆవిడ ఆ మఫ్లర్ విప్పదు, ఇంట్లో హీటర్ ఎంత పెట్టినా సరే. నానమ్మా మనవరాలూ దొంగల్లా నావైపు చూశారు. నాకు ఒళ్ళు మండింది. నేనిక్కడ చస్తుంటే వీళ్ళకి ఆటలా అని తలుపు గట్టిగానే వేశాను. ఆ కోపం నిజానికి వాళ్ళ మీద కాదని ఇప్పుడు తెలుసు.

ఆసుపత్రి వాళ్ళు ఎర్రటి సబ్బునీళ్ళ సీసా ఇచ్చారు. ఆపరేషన్‌కి ముందు రెండు రోజులూ, ఆ రోజు పొద్దున్నా దానితో మెడా ఒళ్ళూ రుద్దుకుని కడుక్కోవాలి. ఆ తర్వాత ఒంటి మీద లోషన్, పౌడర్, సెంటు, ఏదీ రాయకూడదు. ఈ మాట కాగితంలో రెండుచోట్ల ఉంది. నేను దాన్ని పసుపు రంగు గీతతో గుర్తుపెట్టి ఫ్రిజ్‌కి అంటించాను. పక్క దుప్పట్లు మార్చాను. తువ్వాలు ఏ రోజుకారోజు కొత్తది. ఆ మూడు రోజులూ నన్ను చూస్తే ఏ మడి కట్టుకున్న ముసలమ్మైనా ముచ్చటపడేది.

ఆపరేషన్ రోజు పొద్దున్న ఎనిమిదింటికి బయల్దేరాలి. మూడో స్నానం అయింది. నల్లపూసలు తీసి మా ఆయనకిచ్చాను. మెట్లు దిగి వచ్చేసరికి సోఫా ముందు పీట వేసి ఉంది. పక్కన చిన్న గిన్నెలో పసుపు, భరిణెలో కుంకుమ, సాన మీద అప్పుడే తీసిన గంధం. ఆ గంధపు చెక్క ఆవిడ తెనాలి నుంచి తెచ్చుకున్నదే.

"కూర్చో" అంది.

శుక్రవారం కాదు, నోము కాదు. పేరంటానికి వచ్చిన ముత్తయిదువని నేనొక్కదాన్నే. మోకాళ్ళ నొప్పితోనే కింద కూర్చుని, అత్తగారు కోడలి కాళ్ళు పట్టుకోవడమేమిటని నేను వెనక్కి తీసుకుంటున్నా వినకుండా, రెండు పాదాలకీ పసుపు రాసింది. లేచి బొట్టు పెట్టింది. తర్వాత రెండు వేళ్ళ మీదికి గంధం తీసుకుని నా మెడ వైపు చెయ్యి చాచింది.

ఫ్రిజ్ మీద కాగితం నాకు అక్కడి నుంచే కనిపిస్తోంది. పసుపు గీత కూడా. "వద్దు" అన్న ఒక్క మాట చాలు, ఆగిపోయేది. గరాజ్ దాకా వినిపించే గొంతు నాది. కానీ ఆవిడ నా మొహం చూడటం లేదు, ఏ తాడూ లేని బోసి మెడనే చూస్తోంది. నాకు భయమేస్తోందని చెప్పాలనిపించింది. అది ఎలా అరవను? చెప్పలేక, మెడ కొంచెం పైకెత్తి ఆవిడకి అందించాను. చల్లగా తగిలింది. రాయడం అయిపోయాక కూడా ఆవిడ వేళ్ళు కాసేపు అక్కడే ఉంచింది.

దార్లో తుడిచేసుకుందామనుకున్నాను, తుడుచుకోలేదు.

ఆసుపత్రిలో తెర కట్టిన గదిలో గౌను వేసుకుని పడుకున్నాను. మా ఆయన నిలబడ్డారు. అత్తయ్య మూల కుర్చీలో మఫ్లర్‌తో కూర్చుంది. నర్సు నా వయసుదే, చకచకా పనిచేసే మనిషి. మేజోళ్ళు తొడుగుదామని దుప్పటి తీసి, నా కాళ్ళు చూసి ఆగిపోయింది. వెంటనే నా దగ్గరికొచ్చి కంటి కింద రెప్ప లాగి చూసింది. నాకు కామెర్లేమో అనుకుంది పాపం. అది పసుపనీ, దీవెన అనీ చెప్పాను. "ఓకే" అని నవ్వి, లిస్టులో తర్వాతి ప్రశ్న అడిగింది. "స్నానం తర్వాత మెడ మీద ఏమైనా రాసుకున్నారా?"

లేదు అనడం ఎంత తేలిక! గంధం అప్పటికే ఆరిపోయి చర్మం రంగులో కలిసిపోయింది. కానీ ఇతరుల తప్పులు పట్టుకుని జీతం తీసుకునేదాన్ని, నా తప్పు దాచలేకపోయాను. చెక్క అన్నాను, రాయి మీద అరగదీస్తాం అన్నాను, చెబుతున్నకొద్దీ ఆమె మొహం మారింది. ఇంకో నర్సుని పిలిచింది. ఆమె వెళ్ళి సర్జన్‌కి ఫోన్ చేసింది. మందు తడిపిన గుడ్డలతో మెడంతా మళ్ళీ శుభ్రం చేయాలి, చర్మం ఎర్రబడకుండా ఉందో లేదో కాసేపాగి చూడాలి, ఈలోపు తర్వాతి పేషెంట్‌ని ముందు తీసుకెళ్తామన్నారు. ఎర్రబడితే ఇవాళ చేయరట.

నర్సు బయటికి వెళ్ళగానే మా ఆయన నా మీదికి వంగి, పళ్ళు బిగించి మెల్లగా అన్నారు. "షీట్‌లు వేసి మరీ మాకు రూల్స్ చెప్తావ్. పొద్దున అమ్మకి ఒక్క మాట చెప్పొచ్చు కదా? ఇప్పుడు క్యాన్సిల్ చేస్తే మళ్ళీ స్లాట్ ఎప్పుడు దొరుకుతుందో!"

"చెప్పలేకపోయాను. మీరైతే చెప్పేవారా?" అని నేనూ అంతే మెల్లగా అన్నాను.

మూల నుంచి అత్తయ్య లేచి వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు. "నేనే పాడు చేశానా అమ్మాయ్?" అంది.

మా మొహాలు చూసి గ్రహించి ఉంటుందనుకున్నాను. ఆవిడ అలా నిలబడితే నాకు తెర గుర్తులేదు, ఆసుపత్రి గుర్తులేదు. "మీరేం పాడు చెయ్యలేదు అత్తయ్యా! తెలిసే పెట్టించుకున్నాను! నాకు కావాలనే పెట్టించుకున్నాను!" అని అరిచాను. తెరకి అటుపక్క ఎవరో పెద్దాయన, అంతా బాగానే ఉందా అని అడిగాడు. అత్తయ్య ఉలిక్కిపడి మఫ్లర్ మీద నుంచి చెవి పట్టుకుంది. నొప్పించానేమోనని నాకు దుఃఖం ముంచుకొచ్చింది. ఈ గొంతుతో చెప్పే ఆఖరి మాట ఇదే అయితే, కనీసం నిజమే చెప్పాను కదా అనుకున్నాను.

నర్సు తిరిగొచ్చి గుడ్డలతో మెడ తుడిచింది. గంధం వాసన పోయి మందు వాసన వచ్చింది. తుడుస్తూనే అత్తయ్య వైపు చూసి, నాతో, "కాళ్ళది అలాగే ఉండనిస్తాను. మా డాక్టర్ అంత దూరం వెళ్ళడు" అంది. ఆ మనిషి పేరు అడిగి రాసుకోలేదే అని ఇప్పటికీ అనుకుంటాను.

రెండు గంటలు గడిచాయి. చర్మం బాగానే ఉందన్నారు. సర్జన్ వచ్చి, ఊదారంగు పెన్నుతో, సరిగ్గా అత్తయ్య వేళ్ళు ఆగిన చోట, చిన్న గీత గీశాడు. మంచం కదిలింది.

తర్వాతి సంగతి ముందే చెప్పేస్తాను. గడ్డ మంచిదేనని వారానికి తెలిసింది. గొంతు చాలావరకు తిరిగొచ్చింది, గరాజ్ దాకా మాత్రం ఇప్పటికీ వెళ్ళదు. అయితే ఆ సాయంత్రం గదికి తెచ్చాక కళ్ళు తెరిచినప్పుడు ఇవేవీ తెలియవు. మెడ చుట్టూ బిగువు, లోపల గరగర. కిటికీ అవతల పార్కింగ్ లాట్‌లో మంచు తీసే బండి తిరుగుతోంది. మా ఆయన కుడిపక్క ఉన్నారు. అత్తయ్య ఎడమపక్క, తలగడకి కాస్త వెనగ్గా ఉంది, నాకు కనపడదు. గట్టిగా మాట్లాడొద్దన్నారని మా ఆయన చెబుతున్నారు. మాట్లాడాలన్నా అక్కడ గొంతే లేదు. నోరు తెరిస్తే గాలి వచ్చింది, గాలి అంచున సన్నగా మాట వచ్చింది. ఆయనకే అన్నాను.

"అత్తయ్య కాఫీ తాగారా?"

ఆయన వినపడక ముందుకి వంగారు. వెనక నుంచి జవాబు వచ్చింది.

"తాగలేదే. నువ్వు పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా ఉంటే నాకు కాఫీ ఎట్లా దిగుతుందే?"

నేను కదలలేదు. మెడ తిప్పకూడదు. అత్తయ్యే ముందుకొచ్చింది. మఫ్లర్ మెడ మీదికి జారి ఉంది. నెరిసిన జుట్టు వెనక, రెండు చెవులకీ, విభూతి పొట్లం వెనక ఉండాల్సిన మిషన్లు.

"పిల్ల చెప్పింది, నీ గొంతు సంగతి. అప్పటినుంచీ రోజూ గదిలో పెట్టుకుంటున్నా. ముందు కాసేపు, తర్వాత గంట, తర్వాత పూట. అది టీవీ తగ్గిస్తూ, గొణుగుతూ అలవాటు చేసింది" అంది. "పొద్దున నువ్వరిచినప్పుడు చెవులు చిల్లులు పడ్డాయనుకో."

తలకాయలో పెట్టినట్టుందన్న ఆ సంతని, నెలరోజులుగా, నాకోసం భరించింది. నాకు కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారిపోయాయి. ఆవిడ కొంగుతో తుడిచింది.

"నువ్వు మెల్లిగానే మాట్లాడు. నేను వింటా" అని కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

ఆరేళ్ళలో మొదటిసారి ఆవిడకి చిన్న గొంతుతో ఒక మాట చెప్పాను.

"భయమేసింది అత్తయ్యా."

"నాకూనే" అంది.